సింహగిరి మెట్లదారి, వృద్ధుల నడక

విశాఖపట్నం వద్ద సింహగిరిపై, అంటే సింహాచలం కొండపై, వెలసిన వరాహ లక్ష్మీనృసింహస్వామిని, ఉత్తరాంధ్ర వాడుకలో సింహాద్రి అప్పన్నను, దర్శించడానికి వెయ్యికి పైగా మెట్లున్న దారే తరతరాలుగా సామాన్యుల తోవ. ఆషాఢ పౌర్ణమికి తొలిపావంచా (తొలి మెట్టు) వద్ద కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు నడిచే గిరి ప్రదక్షిణ కూడా కాళ్ళ సత్తువ మీద ఆధారపడిన మొక్కే. అందుచేత ‘ఈ యేడాది మెట్లెక్కలేనేమో’ అన్న మాటతోనే ఇక్కడి ఇళ్ళలో ముసలితనం మొదలవుతుందంటే అతిశయోక్తి కాదు.

ఆ మాట విన్న ఇంటివారు ఒకప్పుడు చేయగలిగింది నువ్వుల నూనె రాసి కాళ్ళు పట్టడం, వేడి ఇసుక మూటతో కాపడం పెట్టడం. మందుతోనూ శస్త్రచికిత్సతోనూ కాక వ్యాయామం, మర్దన, వేడి వంటి సాధనాలతో కదలికను తిరిగి తెప్పించే విద్య, అంటే ఫిజియోథెరపీ, బ్రిటన్‌లో ఒక వృత్తిగా రూపుకట్టింది 1894లో లండన్‌లో నలుగురు నర్సులు సంఘంగా ఏర్పడిన తరువాతనే. విశాఖలో వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923లోనే వెలసినా, ఈ విద్యకు దేశంలో పాఠశాల ఆ తరువాత చాలా ఏళ్ళకు, పోలియో కారణంగా ఏర్పడింది. 1950ల తొలినాళ్ళలో బొంబాయిలో శిక్షణ మొదలై, 1955లో వృత్తి సంఘం ఏర్పడింది. యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం, పోలియో సోకిన పిల్లల కోసం పెరిగిన ఈ విద్య వృద్ధుల వైపు ఆలస్యంగా చూసిందని చెప్పక తప్పదు.

ఆ చూపు తిప్పినవారిలో ముఖ్యురాలు వైద్యురాలు మార్జరీ వారెన్. ఆమె 1935 నుంచి లండన్ శివారులోని వెస్ట్ మిడిల్సెక్స్ ఆసుపత్రిలో, ఏళ్ళ తరబడి మంచానికే పరిమితమైన వందలాది వృద్ధులను ఒక్కొక్కరినీ పరీక్షించి, లేపి, నడిపించి, పలువురిని ఇళ్ళకు పంపగలిగారు. వయసుతో కండ కరిగిపోయే స్థితికి 1989లో సార్కోపీనియా అన్న పేరు వచ్చింది. మరుసటి ఏడాదే అమెరికాలో సుమారు 90 ఏళ్ళ వయసువారి చేత 8 వారాలు బరువులతో వ్యాయామం చేయించిన చిన్న అధ్యయనం, ఆ కండకు బలం తిరిగి వస్తుందని చూపింది. ‘ఈ వయసులో ఇంకేం వ్యాయామం’ అనే మన ఇళ్ళ మాటకు ఇంతకంటె గట్టి జవాబు దొరకదు.

నడకను కొలిచే పద్ధతి కూడా ఆ కాలానిదే. చేతుల కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవడానికి పట్టే సెకన్లను లెక్కించే పరీక్ష 1991లో వెలువడి, నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉంది. అయితే కుర్చీ కంటె నేలనూ పీటనూ ఎక్కువ ఎరిగిన తెలుగు వృద్ధురాలికి అసలు పరీక్ష నేల మీద నుంచి లేవడం. సింహాచలంలో మెట్ల పూజ మొక్కుకున్న ఆమెకైతే, మెట్టు మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ నిటారుగా నిలబడడం. కనుక విదేశీ కొలతను గ్రహిస్తూనే ఈ కదలికలనూ కొలవడం ఇక్కడి పరిశోధకులు చేపట్టవలసిన పని.

విశాఖకు ఓడరేవు (1933), నౌకానిర్మాణశాల, ఉక్కు కర్మాగారం రప్పించిన కార్మికులలో ముందటి తరాలవారు ఇప్పుడు విశ్రాంత జీవితంలో ఉండగా, 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో 10 పడకల వృద్ధుల వార్డును, ఫిజియోథెరపీ విభాగాన్ని నిర్దేశించింది. అటువంటి చోట మోకాలి నొప్పితో వచ్చినవారికి నేర్పే తొలి పాఠాల్లో ఒకటి కొండదారికి సరిగ్గా సరిపోతుంది: కమ్మీ పట్టుకొని, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు వేయాలి, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు దించాలి.