ఉన్ని తివాచీకి క్షారమే శత్రువు

సూళ్లూరుపేట: బట్టలకు తెచ్చిన డిటర్జెంటు పొడి, మరుగుదొడ్డికి తెచ్చిన బ్లీచింగు, వంటింటి సోడా... ఇంట్లో ఏది చేతికందితే దానితోనే తివాచీనీ కడిగేయడం చాలామందికి అలవాటు. నైలాన్ తివాచీలు కొంతవరకు తట్టుకుంటాయి గానీ ఉన్ని తట్టుకోదు.

ముందుగా అది ఉన్నియో కాదో తేల్చుకోవాలి. మన నెల్లూరు జాతి గొర్రెకు ఒంటినిండా వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. ఉన్ని తివాచీలకు మన రాష్ట్రంలో ఏలూరు, ఉత్తరాదిన భదోహి పేరుపొందినవి. ఏలూరు నేత పర్షియా నుంచి వలస వచ్చిన కుటుంబాలతో మొదలైందని చెబుతారు. అంచు నుంచి ఒక పోగు తీసి కాల్చినప్పుడు జుట్టు కాలిన వాసన వచ్చి, మసి వేళ్ల మధ్య పొడి అయితే అది ఉన్ని. కరిగి గట్టి ఉండ కడితే కృత్రిమ నూలు.

ఉన్ని కెరటిన్ అనే మాంసకృత్తు. మన జుట్టు, గోళ్లు కూడా దానితో ఏర్పడినవే. క్షారం దానిని బలహీనపరుస్తుంది. పీహెచ్ 5 నుంచి 8 లోపు ఉన్న ద్రావణాలు ఉన్నికి క్షేమం. చాకలి సోడా ద్రావణం 11 దాకా, సాధారణ డిటర్జెంటు పొడులు 10 చుట్టుపక్కల ఉంటాయి. క్లోరిన్ బ్లీచ్ మరీ ప్రమాదకరం. ఘాటైన ద్రావణంలో ఉన్ని పోగు కరిగిపోతుంది. రక్తం, గుడ్డు మరకలను ఎంజైములతో వదిలిస్తామనే పొడులనూ దూరం పెట్టాలి. మరకలోని మాంసకృత్తును కొరికే ఎంజైము ఉన్నినీ వదలదు.

కొనేటప్పుడు సీసాపై ఉన్నికి తగినదన్న మాట చూడాలి. బ్రిటన్‌లో 1991లో ఏర్పడిన వూల్‌సేఫ్ సంస్థ ఇలాంటి సరుకులను పరీక్షించి ముద్ర ఇస్తోంది. ఆ ముద్ర ఉన్నది దొరకకపోతే స్వెటర్లు ఉతికే ఈజీ వంటి ద్రవం లీటరు నీటికి ఒక చెంచా చాలు. అనుమానముంటే రొయ్యల చెరువులకు వాడే పీహెచ్ కిట్ ఆక్వా దుకాణాల్లో దొరుకుతుంది. కలిపిన నీటిని దానితో చూసుకోవచ్చు. కుంకుడు రసం మంచిదే కానీ లేత రంగులపై గోధుమ ఛాయ మిగల్చవచ్చు. సబ్బు బిళ్ల మాత్రం వద్దు. తీరప్రాంతపు ఉప్పు బోరు నీటిలో అది నురగ రాక జిడ్డుగా అంటుకుని, తర్వాత దుమ్మును పట్టి ఉంచుతుంది.

ఏది వాడినా మొదట కనిపించని మూలలో రెండు చుక్కలు వేసి, తెల్లని గుడ్డతో పది నిమిషాలు అదిమి ఉంచాలి. గుడ్డకు రంగు అంటితే ఇంట్లో ఉతికే ప్రయత్నం మానుకోవాలి. మరకను రుద్దకుండా అద్దాలి. బ్లీచింగులో వెనిగర్ గానీ అమోనియా గానీ కలపరాదు, విషవాయువు వెలువడుతుంది.

ఆరబెట్టడం మరో సమస్య. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా చేతికి తడి తెలియదు. పులికాట్ గాలికి తోడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడే ఈ ప్రాంతంలో అప్పుడు తడిపితే అడుగున నూలు పడుగుకు బూజు పడుతుంది. ఆ నెలల్లో వాక్యూమ్‌తో, మెత్తని చీపురుతో సరిపెట్టుకుని, ఫిబ్రవరి వచ్చాక నీడలో రెండు వైపులా గాలి తగిలేలా ఆరబెట్టుకోవచ్చు.