నోటి ద్వారా ఇచ్చే కలరా టీకా: రక్షణ లెక్కల చరిత్ర

ఉపోద్ఘాతం

ఒక టీకా ఎంతవరకు రక్షణ ఇస్తుందన్న ప్రశ్నకు సాధారణంగా ఒక శాతాన్ని సమాధానంగా చెబుతారు. కలరా టీకా విషయంలో ఆ శాతం ఎన్నడూ ఒకే చోట నిలవలేదు. టీకా పొందినవారి వయసు, మోతాదుల సంఖ్య, గడిచిన కాలం, ఇరుగుపొరుగువారిలో టీకా పొందినవారి పాలు అనే నాలుగు అంశాలను బట్టి అది మారుతూ వచ్చింది. మత్లబ్, కోల్‌కతా, ఢాకాలలో జరిగిన క్షేత్ర పరిశోధనలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి.

సూది నుంచి నోటికి

వాల్డెమార్ హాఫ్‌కిన్ 1894లో కలకత్తా బస్తీలలో సూది ద్వారా కలరా టీకా వేశారు. ఆ తరహా టీకాలు దశాబ్దాల పాటు వాడుకలో ఉన్నా, వాటి రక్షణ కొద్ది నెలలకే పరిమితమైంది. ప్రయాణికులకు కలరా టీకా ధ్రువపత్రం ఉండాలన్న అంతర్జాతీయ నిబంధనను 1973లో ప్రపంచ ఆరోగ్య సభ తొలగించింది. అంతకుముందే, 1959లో, శంభునాథ్ డే కలకత్తాలో కలరా విషపదార్థం ఉనికిని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. వ్యాధిక్రిములు రక్తంలోకి చేరక చిన్నపేగులోనే నిలిచి విషాన్ని వెలువరిస్తాయి. కాబట్టి రక్షణ కూడా పేగులోనే ఏర్పడాలన్న ఆలోచన బలపడింది. నోటి టీకాకు ఇదే పునాది.

మత్లబ్: వ్యక్తి నుంచి సమూహానికి

బంగ్లాదేశ్‌లోని గ్రామీణ ప్రాంతమైన మత్లబ్‌లో 1985లో పిల్లలు, స్త్రీలు కలిపి 62,285 మంది మూడేసి మోతాదులు పొందారు. వారిలో కొందరికి చంపిన క్రిములతో చేసిన టీకా, కొందరికి దానితోపాటు విషపదార్థపు బి అంశాన్ని కలిపిన టీకా, మిగిలినవారికి ప్లాసిబో ఇచ్చారు. మొదటి ఆరు నెలల్లో బి అంశం కలిపిన టీకా 85 శాతం, కలపనిది 58 శాతం రక్షణ చూపాయి. మూడేళ్ల మొత్తం మీద రెండూ సుమారు 50 శాతానికి చేరాయి. అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్షణ ఇంకా తక్కువ.

ఈ సమాచారాన్నే 2005లో పునఃపరిశీలించినప్పుడు మరో కోణం బయటపడింది. టీకా అతి తక్కువ మందికి అందిన చోట్ల ప్లాసిబో పొందినవారిలో వెయ్యికి 7.01 మందికి కలరా సోకగా, అత్యధికులకు అందిన చోట్ల 1.47 మందికే సోకింది. అంటే టీకా పొందనివారికీ ఇరుగుపొరుగు ద్వారా రక్షణ లభించింది. టీకా పొందినవారిని, పొందనివారిని పోల్చి కట్టే శాతంలో ఈ మేలు కనిపించదు.

కోల్‌కతా, హైదరాబాదు, ఢాకా

కోల్‌కతా మురికివాడల్లో 2006లో సుమారు 67 వేల మందితో జరిగిన పరిశోధనలో, రెండు మోతాదుల టీకా అయిదేళ్ల పాటు 65 శాతం రక్షణ ఇచ్చింది. ఏడాది దాటి అయిదేళ్లు నిండని పిల్లల్లో అది 42 శాతమే. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన ఈ టీకాకు 2009లో భారతదేశంలో అనుమతి, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించాయి. 2013లో అత్యవసర వినియోగానికి అంతర్జాతీయ టీకా నిల్వ ఏర్పడింది.

ఇదే టీకాను 2014లో ఢాకాలో ఒక్క మోతాదుగా పరీక్షించారు. ఆరు నెలల్లో మొత్తం మీద 40 శాతం రక్షణ కనిపించింది. అయిదేళ్ల లోపు పిల్లల్లో అది 16 శాతమే. గణాంకపరంగా దానికి ప్రాధాన్యం లేదు.

ముగింపు

టీకా కొరత వల్ల 2022 అక్టోబరులో అత్యవసర నిల్వ నుంచి రెండు మోతాదులకు బదులు ఒక్కటే ఇవ్వాలని అంతర్జాతీయ సమన్వయ బృందం నిర్ణయించింది. ఉన్న టీకాను రెట్టింపు మందికి అందించడం మత్లబ్ అనుభవం దృష్ట్యా సమర్థనీయమే. అయితే కోల్‌కతాలో రెండు మోతాదులతో తేలిన 65 శాతాన్ని ఒక్క మోతాదుకు ఆపాదించడం పొరపాటు. ఒక్క మోతాదు పొందిన పసిపిల్లల రక్షణ, వారి చుట్టూ ఉన్న పెద్దల్లో ఎంతమందికి టీకా అందిందన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందువల్ల రక్షణ శాతాన్ని ఉదహరించేటప్పుడు వయసును, మోతాదును, కాలవ్యవధిని పేర్కొనడం చరిత్రకారుడికీ, ఆరోగ్య విధానకర్తకూ సమానంగా అవసరం.