హిస్న్ అల్ అక్రాద్: ఒక కోట, రెండు పేర్లు

సిరియాలో హిమ్స్ నగరానికి పడమటగా, సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున ఉన్న కోటను ఐరోపా గ్రంథాలు 'క్రాక్ డే షెవాలియే' అంటాయి. అనగా అశ్విక వీరుల కోట. అరబ్బీలో అది 'హిస్న్ అల్ అక్రాద్', కుర్దుల కోట. ఈ పేర్లలో దేనిని స్వీకరించాలన్నది అనువాదకునికి చిన్న సమస్య కాదు. ఒక పేరును మాత్రమే వ్రాస్తే కోట ఎవరిదో తీర్పు చెప్పినట్లే అవుతుంది.

అరబ్బీ పేరే ప్రాచీనమైనది. 11వ శతాబ్దిలో, మిర్దాసీ వంశీయుల పాలనలో ఇక్కడ కుర్దు సైనికులను కాపలా ఉంచారు. 1110లో కోట శిలువ యోధుల వశమైంది. వారి నోట 'అక్రాద్' అనే మాట 'క్రాత్' అయింది. 'క్రాక్' దాని రూపాంతరమే.

1142లో ట్రిపోలీ ప్రభువు రెండవ రేమాండ్ దీనిని హాస్పిటలర్ల సంఘానికి అప్పగించాడు. 1170 నాటి భూకంపం తరువాత వారు కోటను చాలావరకు తిరిగి కట్టి, 13వ శతాబ్దిలో వెలుపలి ప్రాకారాన్ని చేర్చారు. దక్షిణాన లోపలి గోడ అడుగుభాగాన్ని ఏటవాలుగా, మహా మందంగా నిర్మించారు. ద్వారం నుండి లోనికి పోయే దారి కప్పుగలది, మలుపులతో కూడినది. 1188లో ఇటు వచ్చిన సలాహుద్దీన్ కోటను ముట్టడించకుండానే సాగిపోయాడు.

1271 (హిజ్రీ 669)లో సుల్తాన్ బైబర్స్ ముట్టడికి కోట లొంగింది. ఆయన దానిని కూలద్రోయలేదు, మరమ్మతు చేయించాడు. ప్రార్థనామందిరం మసీదయింది, దక్షిణపు గోడలో మిహ్రాబు వెలసింది. 1285లో సుల్తాన్ కలావూన్ దక్షిణాన చతురస్రపు బురుజును కట్టించాడు.

20వ శతాబ్ది నాటికి కోటలో సుమారు 500 మంది గ్రామస్థులు కాపురముండేవారు. 1933లో ఫ్రాన్సు కోటను కొని, వారిని ఖాళీ చేయించి, వారి కట్టడాలను తొలగించింది. మధ్యయుగపు రూపాన్ని చూపవలెనన్న పట్టుదలలో, శతాబ్దాల జనజీవనపు ఆనవాలు చెరిగిపోయింది.

2006లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఈ కోట, అంతర్యుద్ధం కారణంగా 2013లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేరింది. 2013, 2014 సంవత్సరాల పోరాటంలో దెబ్బతిన్నది కూడా. దీనిని బాగుచేసేవారు ఏ ఒక్క కాలాన్నో ఎన్నుకొని తక్కినవి తుడిచివేయరాదు. హాస్పిటలర్ల గోడ, బైబర్స్ మిహ్రాబు ఒకే కట్టడంలోనివి. కనుక తెలుగులో వ్రాసేటప్పుడు హిస్న్ అల్ అక్రాద్ అనే పేరును ముందుంచి, రెండవ పేరును ప్రక్కన చేర్చడమే న్యాయం.