కుండయు జాడీయు: దక్షిణదేశమున మట్టిపని చదువు

తెలుగువారు ఏ సీమలో స్థిరపడినను వారి యింట రెండు మట్టిపాత్రలు చిరకాలము నిలిచినవి. ఒకటి మంచినీళ్ల కుండ, రెండవది ఆవకాయ జాడీ. రెండును మట్టివే, రెండును నిప్పులో కాలినవే. అయినను కుండ చెమర్చును, జాడీ చెమర్చదు. కుండగోడలోని సన్నని రంధ్రములగుండ నీరు పైకి వచ్చి ఆవిరియగుటచే లోని నీరు చల్లబడును. జాడీకి గాజువంటి పూత యుండుటచే ఉప్పు, నూనె, పులుపు దాని నంటవు. ఈ రెంటిలో మొదటిది కుమ్మరి యింట పుట్టిన విద్య. రెండవది పాఠశాలలు చేపట్టిన విద్య. ఇవి రెండును ఒకచోట చేరకపోవుటయే మనకు కలిగిన నష్టము.

సారె మనకు క్రొత్తది కాదు. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో 1945లో వీలరు పండితుడు జరిపిన త్రవ్వకములలో సారెపై చేసిన నాజూకైన పళ్లెములు బయల్పడినవి. అట్టి పాత్రల పెంకులు కర్ణాటకమున చంద్రవల్లిలోను, ఒరిస్సాలో శిశుపాలగఢమునందును, మన అమరావతిలోను లభించినవి. వాని నిగనిగ గాజుపూతవలన గలిగినది కాదు. మన పల్లె కుమ్మరియు పూత నెఱుగడు. సారెను కఱ్ఱతో త్రిప్పి మూతియు మెడయు తీర్చి, పచ్చికుండ కొంత ఆరిన పిదప లోపల గుండు నానించి వెలుపల చెక్కతో తట్టి గోడను పలుచన చేయును. తరువాత ఆవములో కాల్చును. తెలుగు పెండ్లికి ఐరేని కుండలు వచ్చుట ఆ యింటినుండియే. ఆ విద్యకు తండ్రి సారెయే బడి.

చెన్నపట్నమున 1850లో అలెగ్జాండరు హంటరు అను వైద్యుడు సొంత వ్యయముతో కళాపాఠశాలను నెలకొల్పెను. 1855లో ప్రభుత్వము దానిని స్వీకరించెను. చిత్రలేఖనముతోపాటు మట్టిపాత్రల పనియు అచట నేర్పబడెను. అంతవరకు కులవృత్తిగా నున్న పనికి విద్యార్థి యను క్రొత్తమనిషి వచ్చెను.

ఆ విద్యార్థి పాట్లు నేటికిని ఒక్కటియే. తొలిపాఠము మట్టిని పిసుకుట. పిమ్మట ముద్దను సారె నడుమ నిలుపుట. ఇది చూచుటకు సులభము, చేతికి వచ్చుటకు వారములు పట్టును. మోచేతులు కదలరాదు, నీరెక్కువైనచో గోడ క్రుంగును, తక్కువైనచో వ్రేళ్లకు పట్టి మెలికపడును. పాత్ర తోలువలె బిగిసినపుడు అడుగు చెక్కవలెను. బాగుగా ఆరిన పిదప సుమారు 900 మొదలు 1000 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో తొలికాల్పు. అప్పటికి పాత్ర గట్టిపడినను నీటిని పీల్చుచునే యుండును. అందుచేతనే పూత కలిపిన నీటిలో ముంచగానే, నీరు లోనికింకి పొడి పైన నిలుచును.

పూతలో ముఖ్యముగా మూడు పాళ్లు గలవు: గాజగుటకు పలుగురాతిపొడి, అది కరగుటకు ఫెల్‌స్పారు, సున్నము మొదలైనవి, కరగి జారిపోకుండ పట్టియుంచుటకు తెల్లమన్ను. అడుగున పూతను తుడిచివేయవలెను. లేనియెడల పాత్ర కొలిమి పలకకు అతుకుకొనును. రెండవ కాల్పు జాడీవంటి గట్టిపాత్రలకు 1200 మొదలు 1300 డిగ్రీలు. చల్లారునపుడు పూత మట్టికంటె మిక్కిలి కుదించుకొనినచో వెండ్రుకవంటి బీటలు వాఱును. మఱీ తక్కువగా కుదించుకొనినచో అంచుల వద్ద పెచ్చులూడును. కావున ప్రతి కాల్పును పుస్తకమున వ్రాసికొనక తప్పదు. కుమ్మరి విద్య చేతిలో నుండును. పూతవిద్య లెక్కలోను ఉండవలెను. ఈ పనికి వలయు ఫెల్‌స్పారు గూడూరు ప్రాంతమునను, మంచి బంకమన్ను ద్వారకాతిరుమల ప్రాంతమునను గలవు. తెలుగునేలకు ముడిసరకు కొఱత లేదు.

విధి విచిత్రమైనది. మట్టిపని నేర్పిన ఆ చెన్నపట్నపు పాఠశాలలోనే 1898లో ఆల్‌ఫ్రెడు ఛాటర్టను అల్యూమినియము పాత్రల పనిని ప్రారంభించెను. తేలికయై పగులని ఆ పాత్రలు క్రమముగా వంటకుండను పొయ్యిమీదినుండి దింపినవి.

1971లో పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ అను అమెరికను దంపతులు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని స్థాపించిరి. డెబొరా జపానులో బిజెన్ కుమ్మరుల యొద్ద పని నేర్చినది. అచట పెక్కుమంది విద్యార్థులు సారెయు పూతయు ఒకేచోట అభ్యసించిరి. ఈ పుదుచ్చేరి మన యానాముతో ఒకే పాలనలో నున్నది. యానాము బిడ్డలకు అది పరాయిచోటు కాదు.

నేడు ఒక చోద్యము కనబడుచున్నది. పట్టణపు యువకుడు రుసుము చెల్లించి సారె నేర్చుచున్నాడు. సారెతో పెరిగిన కుమ్మరిబిడ్డ దానిని విడిచి వేఱుపనికి పోవుచున్నాడు. తప్పు నేర్చువానిది కాదు, విడుచువానిది అంతకంటె కాదు. చేతిలోని విద్యను చదువుగా గణింపని మనదే తప్పు. కళాశాలలో కుమ్మరి పీటవేసికొని సారె నేర్పవలెను. అతని బిడ్డకు పూత లెక్కను ఉచితముగా నేర్పవలెను. ప్రవాసమున నున్న మన సంఘములు ఒక్కొక్క విద్యార్థికి తోడ్పడినను ఈ పని సాగును.

కుండ చల్లదనమిచ్చును, జాడీ నిలువయుంచును. ఇల్లు నడచుటకు రెండును కావలెను. విద్య నిలుచుటకును అంతియే.