బొమ్మ తెరిచే తాళం: ఒక వాక్యానికి టీక

మూలం

పీఠంపై నిలిపిన బొమ్మను ఆట గుర్తుపట్టి, మూసి ఉన్న చోటు తెరిచి, గెలిచినదంతా బొమ్మలోనే రాస్తుంది.

అవతారిక

అంగట్లో కొన్న బొమ్మను తెచ్చి పెడితే తప్ప కొన్ని భాగాలు తెరుచుకోని వీడియో గేములు 2011 నుంచి ఐదారేళ్ల పాటు ప్రపంచమంతా పెద్ద వ్యాపారం చేశాయి. స్కైలాండర్స్, డిస్నీ ఇన్ఫినిటీ, లెగో డైమెన్షన్స్, నింటెండో వారి అమీబో ఆ కోవలోవి. ఒకప్పుడు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం లాంటి ఊరికి ఇలాంటి బొమ్మ దుకాణం దారిన కంటే చుట్టాల సూట్‌కేసులో రావడానికే అవకాశం ఎక్కువ. 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చిన భారత్-ఫ్రాన్స్ ఒప్పందం ఇక్కడివారికి ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే వీలు కల్పించింది. అలా ఎంచుకున్న కుటుంబాలకు ఫ్రాన్సులో అయినవాళ్లున్నారు. అక్కడ పెరిగి పెద్దవాడైన పిల్లవాడి బొమ్మల డబ్బా ఒకటి సెలవుల్లో ఇక్కడి తమ్ముడి చేతికి వచ్చిందనుకుందాం. అందులో రెక్కల డ్రాగన్ ఉంది, పీఠం లేదు. లేదా పీఠం ఉంది, డిస్కు లేదు. వాటిలో ఏది పనికొస్తుంది, ఏది రాదు, అసలు పెట్టిన డబ్బు దేనికి పోయింది అన్నవి తేలాలంటే పై వాక్యాన్ని పదం వెంట పదంగా విప్పుకోవాలి.

1. పీఠంపై

స్కైలాండర్స్‌లో దీన్ని పోర్టల్ ఆఫ్ పవర్ అంటారు. గుండ్రంగా ఉంటుంది, బొమ్మ పెట్టగానే రంగులతో వెలుగుతుంది. వెలుగు పిల్లల కోసం. పని చేసేది లోపలి తీగచుట్ట. అందులో విద్యుత్తు సెకనుకు కోటీ ముప్పై అయిదు లక్షల అరవై వేల సార్లు అటూ ఇటూ ఊగుతుంది, అంటే 13.56 మెగాహెర్ట్జ్. దానివల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం బొమ్మ అడుగున ఉన్న చిన్న తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రమే ఇది. అందుకే బొమ్మకు బ్యాటరీ అక్కర్లేదు. పీఠం దగ్గరికి వచ్చినప్పుడే దానికి ప్రాణం వస్తుంది, పక్కకు తీస్తే పోతుంది.

కిరాణా కొట్లో యంత్రానికి తాకించి డబ్బు చెల్లించే బ్యాంకు కార్డుది కూడా ఇదే పౌనఃపున్యం. కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్ మాత్రం 865–867 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది కాబట్టి కొన్ని మీటర్ల దూరం నుంచే అందుతుంది. బొమ్మకు కొద్ది సెంటీమీటర్లే హద్దు. లోహం ఈ క్షేత్రాన్ని దెబ్బతీస్తుంది, కనుక పీఠాన్ని స్టీలు బల్ల మీద పెట్టకపోవడం మంచిది. చెక్క, ప్లాస్టిక్ అడ్డు కావు.

పీఠాలన్నీ ఒకటి కావు. ఎక్స్‌బాక్స్ 360 కోసం చేసిన పోర్టల్ వేరు, నింటెండో వీ, ప్లేస్టేషన్ 3 కోసం చేసినది వేరు. లెగో డైమెన్షన్స్ పీఠానికి మూడు అరలు, దాని మీద ఒకేసారి ఏడు బొమ్మలు నిలబడతాయి. అమీబోకు విడి పీఠమే అక్కర్లేదు. నింటెండో కన్సోళ్లయిన వీ యూ గేమ్‌ప్యాడ్‌లోనూ, స్విచ్ కుడి జాయ్‌కాన్‌లోనూ చదివే భాగం ముందే ఉంది. కనుక సూట్‌కేసులోంచి పీఠం బయటికి రాగానే అడుగున ఏ కన్సోల్ పేరుందో చూడాలి.

2. నిలిపిన బొమ్మను

బొమ్మ ప్లాస్టిక్‌ది, రంగులు అద్దినది, చూడ ముచ్చటైనది. ఆటకు ఇవేవీ కనిపించవు. దానికి కనిపించేది అడుగున దాచిన చిప్పు ఒక్కటే. స్కైలాండర్స్ చిప్పులో పట్టేది 1024 బైట్లు. యూనికోడ్ తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడతాయి, గుణింతపు గుర్తుకైనా అంతే. ఆ లెక్కన అందులో 341 సంకేతాలు పడతాయి, ఈ పేరా పూర్తయ్యేలోపే చోటు అయిపోతుంది. అమీబోలో వాడుకోదగిన చోటు ఇంకా తక్కువ, 504 బైట్లు. ఇంత చోటులో ఒక కోటగాని, ఒక అడవిగాని, డ్రాగన్ రూపంగాని ఇమడవు. బొమ్మలో ఆట ఉందనుకోవడం భ్రమ అన్నదానికి ఈ అంకెలే సాక్ష్యం.

లెగో డైమెన్షన్స్ ఈ సంగతిని దాచలేదు. అందులో చిప్పు బొమ్మలో లేదు, బొమ్మ నిలబడే చిన్న బిళ్లలో ఉంది. బ్యాట్‌మన్‌ను ముక్కలుగా విప్పి పక్కన పడేసి, బిళ్లను మాత్రమే పీఠం మీద పెట్టినా తెర మీద బ్యాట్‌మనే ప్రత్యక్షమవుతాడు. 2013 నాటి స్కైలాండర్స్ స్వాప్ ఫోర్స్ మరో దారి పట్టింది. నడుము పైభాగంలో ఒక చిప్పు, కింది భాగంలో ఒకటి. పదహారు బొమ్మల పై సగాలూ కింది సగాలూ మార్చి మార్చి తగిలిస్తే 256 రూపాలు. ఈ రకం ఆటలన్నింటిలో చేతికి నిజంగా పని కల్పించినది ఇదే అనిపిస్తుంది. మిగతావాటిలో చాలావరకు చేతి పని పెట్టడం, తీయడమే.

3. ఆట గుర్తుపట్టి

చిప్పు చెప్పేది ఒక సంఖ్య: నేను ఫలానా పాత్రను అని. ఆ సంఖ్యకు తగిన రూపం, గొంతు, బలం అన్నీ ఆట తన దగ్గర నుంచే తీస్తుంది. దీన్నిబట్టి ఒక నియమం వస్తుంది. ఆట తయారైన నాటికి లేని బొమ్మను అది గుర్తుపట్టలేదు. 2011లో కొన్న డ్రాగన్ స్పైరో 2016 నాటి స్కైలాండర్స్ ఇమాజినేటర్స్‌లో ఆడుతుంది. 2014లో కొత్తగా వచ్చిన పాత్ర బొమ్మను 2011 ఆటకు చూపిస్తే అది ఎవరో దానికి తెలియదు. కాబట్టి పాత బొమ్మలు, కొత్త డిస్కు ఉన్న డబ్బా విలువైనది. దానికి తలకిందులైతే అటక మీదికి పోతుంది.

అమీబో బొమ్మకు దేశం లేదు. పారిస్‌లో కొన్నదైనా జపాన్ కన్సోల్ మీద పనిచేస్తుంది. వీ, వీ యూ కన్సోళ్లకు మాత్రం ప్రాంతపు తాళం ఉంది, వేరే ప్రాంతం డిస్కును అవి చదవవు.

గుర్తుపట్టడానికి చిప్పు ఒక్కటే మార్గం కాదు. అమెరికాలో పుట్టిన ఆస్మో, బల్ల మీద పిల్లలు పేర్చిన ముక్కలను ట్యాబ్లెట్ కెమెరాకు చిన్న అద్దం ద్వారా చూపిస్తుంది. దాన్ని 2019లో మన బైజూస్ 12 కోట్ల డాలర్లకు కొన్నది. బెంగళూరు సంస్థ ప్లేషిఫు చేసిన ప్లుగో కూడా కెమెరా దారిదే. ఇక్కడ ముక్క కనబడితే చాలు, అందులో ఏమీ దాగి ఉండదు. ఏమీ రాసుకోదు కూడా.

4. మూసి ఉన్న చోటు తెరిచి

వాక్యంలో బరువంతా ఇక్కడుంది. మొదటి స్కైలాండర్స్‌లో పాత్రలను ఎనిమిది తత్వాల కింద పంచారు: మాయ, భూమి, నీరు, నిప్పు, గాలి, జీవం, మృతం, యంత్రం. దారి పొడవునా తలుపులు ఎదురవుతాయి. నీటి తలుపు నీటి పాత్రకే తెరుచుకుంటుంది. స్టార్టర్ ప్యాక్‌లో వచ్చేవి మూడు బొమ్మలు, అవి మాయ, నీరు, యంత్రం తత్వాలవి. అంటే ఎనిమిదింటిలో అయిదు తత్వాల తలుపులు మూసే ఉంటాయి. అమెరికాలో అప్పటి ధర ప్యాక్‌కు 70 డాలర్లు, విడి బొమ్మకు 8 డాలర్లు. అన్ని తలుపులూ తీయాలంటే కనీసం అయిదు బొమ్మలు, మరో 40 డాలర్లు. 2014లో వెలుగు, చీకటి అని రెండు తత్వాలు కలిశాయి. తలుపులు పెరిగాయి, తాళంచెవులూ పెరిగాయి.

ఆ తలుపుల వెనక చోటు ఎక్కడుంది? డిస్కులోనే ఉంది. కొన్న రోజునే ఇంటికి వచ్చేసింది. యానాంలో పోసే పెట్రోలూ, గౌతమి వంతెన దాటాక ఎదుర్లంక వైపు పోసే పెట్రోలూ ఒకటే, ధరలో తేడా పుదుచ్చేరికీ ఆంధ్రప్రదేశ్‌కూ మధ్య గీసిన పన్ను గీతది. ఆటలోనూ అంతే. తలుపుకు ఇవతలి సరుకూ అవతలి సరుకూ ఒకే డిస్కులోవి, మధ్యనున్నది అమ్మేవాడు గీసిన గీత.

డిస్నీ ఇన్ఫినిటీ దీనికి గట్టి రుజువు ఇచ్చింది. 2013 నాటి మొదటి ఆటలో ఒక్కో సినిమా లోకానికి ఒక్కో గాజులాంటి ముక్క ఉండేది. అది పెట్టినా ఆ సినిమా పాత్రలే అందులో అడుగుపెట్టాలి, మరొకరికి ప్రవేశం లేదు. పవర్ డిస్కులు లోపల ఏముందో తెలియని మూసిన పొట్లాల్లో అమ్మారు. ఆ తర్వాత ఇవే ఆటలను కంప్యూటర్ కోసం గోల్డ్ ఎడిషన్ పేరుతో అమ్మినప్పుడు బొమ్మ ఒక్కటీ లేకుండా పాత్రలన్నీ తెరిచే వచ్చాయి.

నింటెండో 2017లో తెచ్చిన మెట్రాయిడ్: శామస్ రిటర్న్స్ మరో అడుగు ముందుకు వేసింది. అందులో ఫ్యూజన్ మోడ్ అనే కఠినమైన ఆటతీరు మెట్రాయిడ్ అమీబో ఉన్నవారికే. కొత్త లోకం కాదు, కొత్త పాత్ర కాదు, కష్టపడే అవకాశాన్నే తాళం వేసి అమ్మారు.

శంక: ఇది పిల్లల జేబుకు చిల్లు పెట్టే మాయ కాదా?

సమాధానం: పూర్తిగా కాదు. మొదటి స్కైలాండర్స్ కథను స్టార్టర్ ప్యాక్‌లోని మూడు బొమ్మలతోనే చివరిదాకా ఆడొచ్చు. మూసి ఉన్నవి పక్క దారులే. పైగా డబ్బిచ్చినందుకు చేతిలో ఒక వస్తువు మిగులుతుంది, ఫోన్ ఆటల్లో కొనే రత్నాలకు ఆ పాటి ఆకారం కూడా లేదు. అయితే పిల్లవాడు ఆడుతున్న దారిలోనే ఆత్మరత్నం అని ఒకటి దొరుకుతుంది. దాన్ని తీసుకోగానే తన దగ్గర లేని పాత్ర విన్యాసాల వీడియో ఒకటి తెర మీద ఆడుతుంది. ఆట మధ్యలో వచ్చే ఈ ప్రకటనను పిల్లవాడు బహుమతి అనుకుంటాడు. తప్పు పట్టాల్సింది ఇక్కడ. తలుపు ఉండటం వ్యాపారం. తలుపు ముందు నిలబెట్టి ఊరించడం వేరు.

5. గెలిచినదంతా బొమ్మలోనే రాస్తుంది

ఈ ఆటలను నిజంగా కొత్తవిగా నిలబెట్టింది ఈ చివరి భాగం. 2007లో మట్టెల్ తెచ్చిన యు.బి. ఫంకీస్ కూడా కంప్యూటర్‌కు తగిలించిన పీఠం మీద బొమ్మ పెడితే ఆటలో చోట్లు తెరిచేది. తెరవడం అప్పటికే ఉంది, రాయడం స్కైలాండర్స్‌తో ఊపందుకుంది. పాత్ర ఎంత ఎదిగింది, ఎంత సొమ్ము కూడబెట్టింది, ఏ విద్యలు నేర్చింది, ఏ టోపీ పెట్టుకుంది, పిల్లవాడు పెట్టిన ముద్దుపేరు, ఇవన్నీ ఆ 1024 బైట్లలోకి చేరతాయి. బొమ్మను జేబులో వేసుకుని పక్కవీధి స్నేహితుడి ఇంటికి పోతే అక్కడి కన్సోల్ వేరే కంపెనీదైనా ఎదిగిన పాత్రే వస్తుంది. 2011 నాటికి ప్లేస్టేషన్‌కూ ఎక్స్‌బాక్స్‌కూ వీకీ మధ్య ఆటగాడి సంపాదనను ఇంత తేలిగ్గా దాటించే దారి మరొకటి కనబడదు.

అమీబో ఇందులో పిసినారి. ఒక బొమ్మ ఒకసారికి ఒకే ఆట సంగతులు రాసుకుంటుంది. అయినా సూపర్ స్మాష్ బ్రదర్స్‌లో ఆ కాస్త చోటే గొప్ప పని చేస్తుంది. బొమ్మకు కుస్తీ నేర్పుతూ పోతే యాభయ్యో స్థాయి దాకా ఎదిగి, యజమాని పోరాడే తీరును వంటబట్టించుకుని ఎదురు నిలుస్తుంది.

పారిస్ అన్న డ్రాగన్ యానాం తమ్ముడి పీఠం ఎక్కితే అన్న పెట్టిన పేరుతో, అన్న తొడిగిన టోపీతోనే లేస్తుంది. ఇష్టం లేకపోతే ఆటలోనే దాన్ని చెరిపి మొదటి నుంచి పెంచుకోవచ్చు. ఏ సర్వర్ అనుమతీ అక్కర్లేదు.

విశేషాంశం

ఈ వ్యాపారం చాలామట్టుకు ఎందుకు ఆగింది? బొమ్మ ముందుగా తయారు కావాలి, ఓడెక్కాలి, అంగడి అరలో చోటు దొరకాలి, అమ్ముడు కాకపోతే గోదాములో పేరుకుపోతుంది. 2016 మేలో డిస్నీ ఇన్ఫినిటీని ఆపేస్తూ 14.7 కోట్ల డాలర్ల భారాన్ని లెక్కలో చూపింది. లెగో డైమెన్షన్స్‌కు 2017 తర్వాత కొత్త ముక్కలు రాలేదు. ఫ్రెంచి సంస్థ యుబిసాఫ్ట్ 2018 అక్టోబరులో స్టార్‌లింక్ అనే ఆటను, కంట్రోలర్ మీద బిగించే వ్యోమనౌకలతో తెచ్చింది. ఆరు నెలలకే కొత్త బొమ్మలు ఇక రావని ప్రకటించింది.

వ్యాపారం ఆగినా స్కైలాండర్స్ ఆగలేదు. కన్సోల్, డిస్కు, పీఠం, బొమ్మ ఉన్న ఇంట్లో అది ఇవాళ్టికీ నడుస్తుంది. నబజ్‌తాగ్ గతి వేరు. 2005లో పారిస్ సంస్థ వయొలెట్ చేసిన ఈ వైఫై కుందేలు వాతావరణం చెప్పేది, చెవులు ఆడించేది. దాని తెలివంతా దూరాన ఉన్న సర్వర్‌లో ఉండేది. 2011 జులైలో సర్వర్ ఆపగానే ఇళ్లలోని కుందేళ్లన్నీ మూగబోయాయి. కుందేలు చెడిపోలేదు, దాన్ని నడిపే ఇల్లు మూతపడింది.

తాత్పర్యం

బొమ్మ చేసే పనులు రెండు: తెరవడం, గుర్తుపెట్టుకోవడం. తెరిచే గుణం అమ్మినవాడి చేతిలో ఉంటుంది. అతడు గీత జరిపితే, బొమ్మ లేకుండానే అంతా అమ్మితే, ఆ గుణానికి విలువ సున్నా. గుర్తుపెట్టుకునే గుణం ఆడినవాడిది. అది బొమ్మలోనే ఉన్నంత కాలం చేతులు మారినా, దేశాలు మారినా నిలుస్తుంది. ఇలాంటి బొమ్మ కొనేవారు అడగాల్సినవి రెండే ప్రశ్నలు: ఇది దేన్ని తెరుస్తుంది అన్నది మొదటిది, దీని జ్ఞాపకం ఎక్కడ ఉంటుంది అన్నది రెండోది. జవాబు సర్వర్ అయితే అది అద్దె బొమ్మ.

2020 ఆగస్టు 30 నాటి మన్ కీ బాత్‌లో ప్రధాని ఏటికొప్పాక బొమ్మలనూ వాటికి తిరిగి ప్రాణం పోసిన సి.వి. రాజు కృషినీ ప్రస్తావించారు. మన దేశపు కథలతో కంప్యూటర్ ఆటలు చేయాలనీ అదే ప్రసంగంలో కోరారు. అదే ఏడాది దిగుమతి బొమ్మల మీద సుంకం 20 నుంచి 60 శాతానికి పెరిగింది, 2023లో 70 అయింది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క రంగు పట్టించే ఏటికొప్పాక బొమ్మ అడుగున ఒక చిప్పు అమర్చడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు, చెక్క ఆ క్షేత్రాన్ని ఆపదు. తెలుగువారిలో ఎవరైనా ఆ పనికి పూనుకుంటే తలుపులు ఎన్ని పెట్టాలన్న లెక్కతో మొదలుపెట్టకూడదు. జ్ఞాపకాన్ని బొమ్మలో ఉంచి, సర్వర్ లేకుండా ఆట నడిచేలా చేస్తే చాలు. తలుపులున్నా లేకున్నా ఆ బొమ్మను పిల్లలు ఆడతారు, పెద్దయ్యాక తమ్ముళ్లకు ఇస్తారు.