పద్యం పాడే గొంతు: రంగస్థల గాయకుల తయారీ

పద్య నాటకం తెలుగువారి ఒపేరా. పాశ్చాత్య ఒపేరాలో మాదిరి కథంతా పాటగా నడవదు. సంభాషణ మామూలు మాటల్లో సాగుతూ, భావం బరువెక్కిన చోట పద్యం అందుకుంటుంది. ఆ పద్యాన్ని రాగంలో పాడగలిగినవాడికే నాయక పాత్ర దక్కేది.

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగు జిల్లాల్లో ప్రదర్శనలిచ్చి వెళ్లాక పట్టణాల్లో నాటక సమాజాలు పుట్టుకొచ్చాయి. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) నాటకంలో పద్యాలను, పాటలను రాగయుక్తంగా పాడించే పద్ధతిని స్థిరపరిచారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి కుటుంబం ‘కీచకవధ’ ఆడింది. సురభి సమాజాలన్నిటికీ అదే మొదలు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, చిలకమర్తి ‘గయోపాఖ్యానం’, బలిజేపల్లి ‘హరిశ్చంద్ర’ ప్రచారంలోకి వచ్చేసరికి, గొంతున్న కుర్రవాడికి నాటకం ఒక బతుకుతెరువు అయింది.

కోటవురట్ల, నర్సీపట్నం, ఎలమంచిలి వైపు పల్లెల్లో నాటకం తీర్థాలతో ముడిపడి పెరిగింది. గ్రామదేవత పండగకో, శివరాత్రికో ఊరివాళ్లు చందాలు వేసుకుని రాత్రంతా సాగే నాటకం పెట్టించేవారు. పేరున్న కృష్ణుణ్ణో, హరిశ్చంద్రుణ్ణో పైనుంచి పిలిపిస్తే మిగతా వేషాలు చుట్టుపక్కల కళాకారులు కట్టేవారు. పల్లెటూరి కుర్రవాడు రంగం మీదికి రావడానికి ఆ చిన్న వేషాలే తోవ. తీర్థంలో విన్న పద్యం పొలంలో పాడుకుంటూ తిరిగే పిల్లవాణ్ణి హార్మోనిస్టు పసిగట్టి చేరదీస్తే శిక్షణ మొదలైనట్టే.

ఐరోపాలో గాయకుల చదువు తొందరగానే బడిలోకి చేరింది. నేపుల్స్‌లో అనాథ పిల్లల ఆశ్రమాలుగా ఆరంభమైన కన్సర్వేటరీలు క్రమంగా సంగీత పాఠశాలలయ్యాయి. తెలుగు రంగస్థలానికి చాలాకాలం సమాజమే బడి, హార్మోనిస్టే గురువు. మొదట శ్రుతి పట్టడం నేర్పేవారు. మైకులు లేని కాలంలో ఆఖరి వరుసలో చాప వేసుకుని కూర్చున్నవాడికి కూడా మాట వినపడాలి గనుక గొంతును పై శ్రుతిలో నిలబెట్టడానికి సాధన చేయించేవారు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చేది. పద్యానికి తాళం లేదు. నడక గాయకుడిదే, హార్మోనియం అతని వెంట పోవాలి. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. తెలుగు యతి అక్షరాల మధ్య మైత్రి మాత్రమే, అక్కడ ఆగాలనేం లేదు. ఒక పాదం చివర మొదలైన మాట తరచు పక్క పాదంలోకి దాటుతుంది. పాదం అయిపోయిందని ఊపిరి తీసుకుంటే మాట రెండు ముక్కలై అర్థం పోతుంది. అందుకే మంచి గురువు రాగం చెప్పకముందే పద్యాన్ని పదాలుగా విడగొట్టించి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గుర్తు పెట్టించేవాడు. సీసం తీరిగ్గా సాగుతుంది కాబట్టి రాగానికి చోటు ఎక్కువ. కందం చిన్నది, ఎదుటివాడి మాటకు చురుక్కుమనే జవాబుగా పనికొస్తుంది. మోహన, కల్యాణి, కాంభోజి, కానడ, కాపీ వంటి రాగాలు నటుడి మూటలో సదా ఉండేవి.

పిల్లవాడి మొదటి వేషం సాధారణంగా లోహితాస్యుడో, ప్రహ్లాదుడో. గొంతు మారే వయసులో రెండు మూడేళ్లు ఎటూ కాకుండా పోయేవి. ఆ దశలో బలవంతంగా పాడించడం వల్ల గొంతు చెడే ప్రమాదం ఉండేది. ఆడవేషాలు వేసే మగవారికి ఇది మరీ పరీక్ష. స్థానం నరసింహారావు (1902–1971) ఆ పరీక్ష దాటి సత్యభామగా ఆంధ్రదేశమంతా పేరు తెచ్చుకున్నారు. సురభివారు మాత్రం స్త్రీ పాత్రలు తమ ఇంటి ఆడవాళ్లతోనే వేయించారు.

ఉత్తరాంధ్రకు బడి 1919లో వచ్చింది. విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ఏర్పడి, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ పదవిలోకి వచ్చారు. కృష్ణా జిల్లా నుంచి చేతిలో పెద్దగా డబ్బు లేకుండా వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974) అక్కడే చదివారు. పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర పాఠం, పూటకు మధుకరం, మధ్యలో సాధన. చదువు ముగిశాక కొంతకాలం నాటకాల్లోనూ పాడారు. సినిమా పద్యాలలో ఆయన ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించడంలో ఈ రెండు బడుల ప్రభావమూ ఉంది.

ఆ తర్వాత కాంట్రాక్టు నాటకాల కాలం వచ్చింది. సమాజం కట్టుబాటు సడలి, ఒక్కొక్క నటుడూ రాత్రికింత అని ఒప్పుకుని తిరిగాడు. జనం కోసం ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ రంగానికొకణ్ణి దింపేవారు. గాయకుల మధ్య పోటీ వల్ల రాగం సాగింది, వన్స్‌మోర్ కేకలకు పాడిన పద్యమే మళ్లీ పాడారు, కథ ఆగిపోయింది. బళ్లారి రాఘవ (1880–1946) ఈ పాటల ధోరణిని ముందునుంచే గట్టిగా వ్యతిరేకించి నటనకు పట్టం కట్టారు. ఆయన ఆక్షేపణ న్యాయమైనదే. అయితే పద్యాన్ని వదలకుండానే దోషం దిద్దినవారు ఉత్తరాంధ్రలో ఉన్నారు. బలిజిపేట దగ్గర వంతరాంలో 1920లో పుట్టిన పీసపాటి నరసింహమూర్తి కృష్ణ పాత్రలో రాగాన్ని తగ్గించి భావాన్ని పైకి తెచ్చారు. రాయబారంలో ఆయన పద్యం రాజనీతి మాట్లాడినట్టు ఉండేది. 2007లో ఆయన మరణించేదాకా కృష్ణుడంటే ఈ జిల్లాల్లో పీసపాటే.

సినిమా వచ్చాక రంగస్థలం గొంతులను పోగొట్టుకుంది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లోనే సురభి కళాకారులు నటించారు. ఆ తరువాత కుర్రవాళ్లకు గురువు స్థానంలో గ్రామఫోను రికార్డు, ఆపైన క్యాసెట్ చేరాయి. రాగం వినికిడితో పట్టుబడింది గానీ పదవిభాగం చెప్పేవాడు కరువయ్యాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖలు ఏర్పడ్డాయి. నంది నాటక పోటీల్లో పద్య నాటకానికి వేరే విభాగం పెట్టారు. అనకాపల్లి జిల్లా పల్లెల్లో మైకు, కీబోర్డు వచ్చి చేరినా, కొత్తగా వేషం కట్టేవాళ్లు ఇప్పటికీ సీనియర్ నటుడి పక్కన చిన్న పాత్రతోనే మొదలుపెడుతున్నారు.