ఎడమ భుజం వెనక

1997 అక్టోబర్ 12, ఆదివారం సాయంత్రం. కాలిఫోర్నియాలో మాంటెరే ఎయిర్‌పోర్టు. ఎదురుగా లాంగ్ ఈజెడ్ అనే బుల్లి విమానం. ప్రొపెల్లర్ వెనక ఉంటుంది. దాని కొత్త యజమాని ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ పాడిన జాన్ డెన్వర్. 53 ఏళ్లు, 2,700 గంటలకు పైగా ఎగిరిన అనుభవం. కానీ ఈ బండితో పరిచయం నిన్నటిదే.

మెకానిక్ వెనక సీటు దగ్గర వంగి గేజ్‌లు చూశాడు. కుడి ట్యాంకు సగానికి లోపు. ఎడమది పావుకి లోపు. పెట్రోల్ పోయించమంటారా అన్నాడు. అక్కర్లేదు, గంటసేపేగా అన్నాడు డెన్వర్. పైలట్ సీట్లోంచి గేజ్‌లు కనబడవు. మెకానిక్ చిన్న అద్దం చేతికిచ్చాడు. అసలు చిక్కు అద్దంతో తీరేది కాదు.

ట్యాంకు మార్చే మర పైలట్ ఎడమ భుజం వెనకుంది. డిజైన్ చేసిన బర్ట్ రుటాన్ దాన్ని కాళ్ల మధ్య పెట్టమన్నాడు. కాక్‌పిట్‌లోకి పెట్రోల్ పైపులు రాకూడదని ఈ విమానాన్ని కట్టినాయన వెనక్కి నెట్టాడు. చెయ్యి అందేలా డెన్వర్, మెకానిక్ ఇద్దరూ మరకి ప్లయర్ తగిలించి చూశారు. లాభం లేకపోయింది. ఆటోపైలట్ వేసి తిప్పుకుంటాలే అన్నాడు డెన్వర్. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పాత బండి మీద పోయేవాడు ఇంజన్ దగ్గగానే రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఎడమచేత్తో రిజర్వ్‌కి మార్చేస్తాడు. ఇక్కడ అదే పనికి విమానాన్ని నడిపే స్టిక్ వదలాలి.

5:12కి అనుమతి వచ్చింది. మూడుసార్లు రన్‌వే తాకి లేచాడు. తర్వాత సముద్రం వైపు తిరిగాడు. తన సిగ్నల్ రాడార్‌లో పడుతోందా అని టవర్‌ని అడిగాడు. తర్వాత ఆయన గొంతు వినపడలేదు.

పసిఫిక్ గ్రోవ్ ఒడ్డున ఉన్నవాళ్లు తలెత్తారు. ఇంజన్ పటపటమంది. విమానం 500 అడుగుల ఎత్తు కూడా లేదు. దర్యాప్తువాళ్లు కట్టిన లెక్క ప్రకారం, స్టిక్ వదిలి, నడుం తిప్పి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా వెనక్కి మర కోసం తడుముతుంటే ఒళ్లు నిలదొక్కుకోడానికి కుడి కాలు దానంతటదే పెడల్ మీద బిగుసుకుంది, దాంతో విమానం కుడికి ఒరిగి, ముక్కు కిందికి వంచి నేరుగా నీళ్లలోకి దూకింది.

టేకాఫ్‌కి ఎడమ ట్యాంకులో 13 లీటర్లు, కుడిదాంట్లో 19 ఉండొచ్చని అంచనా. అంటే గంటకి మొత్తం కలిపినా బొటాబొటి. అమెరికా రవాణా భద్రతా బోర్డు కారణాల్లో పెట్రోల్ పోయించుకోకపోవడాన్నీ చేర్చింది. శకలాల్లో ఆ మర దొరికింది. అది కుడి ట్యాంకు దాకా పూర్తిగా తిరగలేదు.